నగరం నుంచి ఎయిర్‌పోర్టుకు ప్రైవేటు కారు: బుక్ చేసే ముందు తేల్చుకోవలసిన విషయాలు

ఎయిర్‌పోర్టుకు కారు మాట్లాడుకోవడం మామూలు ప్రయాణానికి కారు మాట్లాడుకోవడం లాంటిదే అనిపిస్తుంది. అయితే బంధువుల ఇంటికి అరగంట ఆలస్యంగా చేరితే వాళ్లు నొచ్చుకుంటారేమో గాని తలుపు వేసేయరు. విమానయాన సంస్థ కౌంటరు మాత్రం నిమిషం లెక్కన మూతపడుతుంది. కాబట్టి కిరాయి ఎంత అన్న ప్రశ్న ఇక్కడ రెండవది. చెప్పిన సమయానికి బండి గుమ్మం ముందు ఉంటుందా, ఉండకపోతే ఎవరు ఏం చేస్తారు అన్నది మొదటిది. చాలామంది ఈ క్రమాన్ని తిరగేసి, నాలుగు చోట్ల ధర అడిగి, తక్కువ చెప్పినవారికి ఖాయం చేసి, మిగతా విషయాలు ప్రయాణం నాటి రాత్రి ఫోనులో తేల్చుకుందామని వదిలేస్తారు. ఇబ్బందులలో చాలావరకు అక్కడే మొదలవుతాయి.

సమయాన్ని చివరి నుంచి వెనక్కు లెక్కించండి

టికెట్ మీద ప్రముఖంగా కనిపించేది విమానం బయలుదేరే సమయం. మీ లెక్క మాత్రం చెక్‌-ఇన్ కౌంటరు మూసే సమయంతో మొదలుకావాలి. చాలా సంస్థలు విమానం బయలుదేరడానికి 40 నుంచి 60 నిమిషాల ముందే కౌంటరు మూసివేస్తాయి. అంతర్జాతీయ విమానాలకు సాధారణంగా 60 నిమిషాల గడువే ఉంటుంది. బోర్డింగ్ గేటు కూడా బయలుదేరే సమయానికి పావుగంటో, ఇరవై నిమిషాలో ముందే మూతపడుతుంది. మీ సంస్థ పాటించే కచ్చితమైన గడువు దాని వెబ్‌సైటులోనో టికెట్ షరతులలోనో ఉంటుంది కాబట్టి, కారు బుక్ చేయడానికి ముందు ఆ ఒక్క వాక్యాన్ని వెతికి చదవండి. దేశీయ విమానానికి రెండు గంటల ముందు, అంతర్జాతీయ విమానానికి మూడు గంటల ముందు చేరుకోవాలన్న సలహా ఈ గడువుకు క్యూలను, భద్రతా తనిఖీని, ఇమ్మిగ్రేషన్‌ను కలిపి వేసిన అంచనా. ఆన్‌లైన్‌లో చెక్‌-ఇన్ పూర్తిచేసి, చేతి సంచితో మాత్రమే ప్రయాణించేవారు దానిని కొంత తగ్గించుకోవచ్చు. పెద్ద పెట్టెలు, చిన్న పిల్లలు, చక్రాల కుర్చీ సహాయం అవసరమైన పెద్దవారు ఉన్న కుటుంబాలు తగ్గించుకోకపోవడమే మంచిది.

ఒక లెక్క చూద్దాం. అంతర్జాతీయ విమానం 15వ తేదీ ఉదయం 6:10కి ఉందనుకుందాం. మూడు గంటల ముందు, అంటే 3:10కి టెర్మినల్ ముందు దిగాలి. ఆ వేళ దారిలో 50 నిమిషాలు పడుతుందనుకుంటే బండి 2:20కి కదలాలి. టైరు పంక్చరు, రోడ్డు మరమ్మతు, దారి మళ్లింపు వంటివాటికి 20 నిమిషాలు తీసి పెడితే 2:00 అవుతుంది. పెట్టెలు డిక్కీలో సర్దడానికి, లిఫ్టు కోసం నిలబడడానికి, తాళం వేశామా లేదా అని ఒకరు వెనక్కు వెళ్లి చూసి రావడానికి 10 నిమిషాలు పోతాయి. కాబట్టి బండి 1:50కి గుమ్మం ముందు ఉండాలి. ట్రావెల్స్ వారికి చెప్పవలసిన సమయం ఈ 1:50. "ఆరుగంటల విమానం, మీరే చూసుకోండి" అని వారి మీద వదిలేస్తే, మరొక కిరాయికి వీలుగా వారు వేసుకునే లెక్క మీ లెక్కతో కలవకపోవచ్చు.

దారిలో పట్టే సమయాన్ని మనసులో ఊహించుకోవద్దు. గూగుల్ మ్యాప్స్ వంటి యాప్‌లలో ఫలానా రోజు ఫలానా గంటకు చేరుకోవాలని పెట్టి చూసే వీలుంది. అది ఒక్క అంకె కాకుండా "40 నుంచి 70 నిమిషాలు" అన్నట్లు ఒక పరిధిని చూపిస్తే, పెద్ద అంకెనే తీసుకోండి. వారం ముందు, అదే వారంనాడు, అదే గంటకు ఒకసారి ప్రత్యక్షంగా దారి ఎలా ఉందో చూసుకుంటే ఇంకా నమ్మకంగా ఉంటుంది. ఆఫీసులు మొదలయ్యే వేళ, సాయంత్రం అందరూ ఇళ్లకు తిరిగివెళ్లే వేళ, పెద్ద సెలవులకు ముందురోజు, భారీ వర్షం కురిసే కాలం అయితే పైన తీసి పెట్టిన 20 నిమిషాలను రెట్టింపు చేయడం అతి జాగ్రత్త అనిపించుకోదు.

అర్ధరాత్రి దాటిన విమానాల విషయంలో తేదీ దగ్గర పొరపాటు చాలా తేలికగా జరుగుతుంది. 15వ తేదీ 00:40 అని టికెట్‌లో ఉంటే, దాని కోసం మీరు 14వ తేదీ రాత్రి 9:40కే ఎయిర్‌పోర్టులో ఉండాలి. టికెట్‌లో 15 అని ఉంది కదా అని 15వ తేదీ రాత్రికి కారు బుక్ చేసుకున్నవారికి కారు సక్రమంగానే వస్తుంది, విమానం మాత్రం ముందురోజు రాత్రే వెళ్లిపోయి ఉంటుంది. ఇందుకు విరుగుడు చిన్నదే: బుకింగ్‌లో తేదీతోపాటు వారం కూడా రాయించండి, సమయాన్ని 24 గంటల పద్ధతిలో ఇవ్వండి. "14వ తేదీ, శుక్రవారం, 20:30" అని రాస్తే ఏఎం, పీఎంల తికమకకు చోటుండదు. వేసవిలో గడియారాన్ని గంట ముందుకు జరిపే దేశాలలో ఆ మార్పు జరిగే రాత్రి మీ ప్రయాణం పడితే, బండి సమయాన్ని ఏ గడియారం ప్రకారం అనుకున్నారో మరొకసారి అడిగి రూఢి చేసుకోవాలి.

ఏ ఎయిర్‌పోర్టు, ఏ టెర్మినల్

నగరం పేరు చెబితే చాలదు. టోక్యోకు హనెదా, నరితా అని రెండు విమానాశ్రయాలున్నాయి. హనెదా నగరాన్ని ఆనుకునే ఉంటే, నరితా నగర కేంద్రానికి 60 కిలోమీటర్లకు పైగా దూరంలో ఉంది. ఇస్తాంబుల్‌లో ఒకటి ఐరోపా వైపు, మరొకటి ఆసియా వైపు. ఇలాంటి చోట్ల తప్పు ఎయిర్‌పోర్టుకు చేరుకుంటే అక్కడి నుంచి సరిదిద్దుకునే వ్యవధి దాదాపు ఉండదు. టికెట్‌లో ఊరి పేరు పక్కన ఉండే మూడక్షరాల కోడ్‌ను, అంటే హనెదాకు హెచ్‌ఎన్‌డీ, నరితాకు ఎన్‌ఆర్‌టీ వంటిదాన్ని, బుకింగ్‌లో యథాతథంగా రాయండి. టెర్మినల్ సంఖ్యను కూడా చేర్చండి. లండన్ హీత్రూలో 2, 3 టెర్మినళ్లు పక్కపక్కనే ఉన్నా 4, 5 టెర్మినళ్లు వేర్వేరు చోట్ల ఉన్నాయి. ఒకదానిలో దిగి మరొకదానికి వెళ్లాలంటే రైలు ఎక్కాలి. విమానయాన సంస్థలు టెర్మినల్‌ను మారుస్తూ ఉంటాయి కాబట్టి, నెలల ముందు కొన్న టికెట్ మీది సంఖ్యను ప్రయాణానికి ముందురోజు మళ్లీ సరిచూసుకోవాలి.

ఎయిర్‌పోర్టు నుంచి నగరానికి వచ్చేటప్పుడు విమానం నంబరు ఇస్తే, ట్రావెల్స్ వారు దాని రాకను గమనిస్తూ బండి సమయాన్ని సర్దుతారు. వెళ్లేటప్పుడు ఆ సౌకర్యం దాదాపు ఉండదు. మీరు చెప్పిన సమయమే వారికి ప్రమాణం. అయినా విమానం నంబరు ఇవ్వడం మంచిది. టెర్మినల్ తప్పు రాసి ఉంటే అనుభవమున్న డ్రైవరు నంబరు చూసి పట్టుకుంటాడు.

బండిలో మనుషులు పడితే పెట్టెలు పడతాయని కాదు

"నలుగురికి సరిపోతుంది" అని రాసిన సెడాన్‌లో నలుగురు కూర్చోగలరన్న మాట నిజమే. వారి పెట్టెలు పడతాయన్న హామీ అందులో లేదు. విమానంలోకి ఇచ్చే పెద్ద సూట్‌కేసు పొడవు, వెడల్పు, ఎత్తు కలిపి 158 సెంటీమీటర్లు మించకూడదని చాలా సంస్థల నియమం. ఆ పరిమాణంలోని పెట్టెలు మామూలు సెడాన్ డిక్కీలో రెండు పడతాయి, పైన ఒకటో రెండో చిన్న బ్యాగులు సర్దవచ్చు. గ్యాసుతో నడిచే కార్లలో సిలిండరు డిక్కీలోనే ఉంటే ఆ రెండవ పెట్టెకు కూడా చోటు పోతుంది. ఏడు సీట్ల బండి విషయంలో పొరబడేవారు ఇంకా ఎక్కువ: మూడవ వరుస సీట్లు లేపి ఏడుగురూ కూర్చుంటే, ఆ వరుస వెనుక మిగిలే చోటు చేతి సంచులకే చాలదు. డ్రైవరు కాక నలుగురు, నాలుగు పెద్ద పెట్టెలు అంటే, మూడవ వరుస మడిస్తే ఏడు సీట్ల బండి సరిపోతుంది. ఆరుగురు, ఆరు పెట్టెలు అంటే వ్యాను గాని, రెండు కార్లు గాని కావాలి. మనుషుల సంఖ్యతోపాటు పెట్టెల సంఖ్య, వాటి సైజు, మడిచే చక్రాల కుర్చీ, పిల్లల బండి, సంగీత వాయిద్యం వంటి అసాధారణమైన సామాను గురించి ముందే చెప్పండి. ఒడిలో కూర్చునే పసిబిడ్డను కూడా లెక్కలో చెప్పాలి, ఎందుకంటే చాలాచోట్ల చట్టం బిడ్డను కూడా ఒక ప్రయాణికుడిగానే లెక్కిస్తుంది.

పిల్లల సీటు కావాలంటే బిడ్డ వయసు, ఎత్తు, బరువు చెప్పి అడగాలి. ఉత్త "బేబీ సీటు" అని అడిగితే నాలుగేళ్ల పిల్లవాడి బూస్టరు (కూర్చునే ఎత్తు పెంచే సీటు) తెచ్చి నెలల బిడ్డ ముందు పెట్టవచ్చు. పిల్లల కారు సీట్ల భద్రతకు ఐక్యరాజ్యసమితి పెట్టిన యూఎన్ ఆర్‌129 ప్రమాణం ప్రకారం తయారైన సీట్లలో 15 నెలల లోపు పిల్లలను బండి వెనుకవైపు చూసేలా కూర్చోబెట్టాలి. టాక్సీలకు పిల్లల సీటు నియమం నుంచి మినహాయింపు ఇచ్చిన దేశాలు లేకపోలేదు గాని, ఆ మినహాయింపు బిడ్డకు ఏ రక్షణా ఇవ్వదు.

రెండు కార్లలో వెళ్లవలసి వస్తే ఎవరి పాస్‌పోర్టు వారి దగ్గరే ఉండాలి. కుటుంబంలోని అన్ని పాస్‌పోర్టులూ ఒకే సంచిలో పెట్టడం మనకు అలవాటు. ఆ సంచి ఉన్న కారు వెనుకబడితే, ముందు చేరినవారు కౌంటరు ఎదుట ఊరికే నిలబడి చూడవలసిందే.

ఎవరి దగ్గర బుక్ చేయాలి

యాప్‌లో ముందస్తుగా సమయం పెట్టుకోవడం అన్నిటికన్నా సులభం. అయితే కొన్ని యాప్‌లలో దీని అర్థం, ఆ సమయం దగ్గరపడినప్పుడు డ్రైవరు కోసం వెతకడం మొదలుపెడతామని మాత్రమే. డ్రైవరును ముందే కేటాయిస్తారా, అతడు రద్దు చేసుకుంటే ఏమవుతుంది అన్నవి షరతులలో చదివి తెలుసుకోవాలి. పగటిపూట, బళ్లు విరివిగా దొరికే నగరంలో దీనివల్ల పెద్ద ఇబ్బంది ఉండదు. తెల్లవారుజామున రెండింటికి అయితే ఉంటుంది.

అనేక ఊళ్లలో సేవలందిస్తామనే అంతర్జాతీయ బుకింగ్ వెబ్‌సైట్లకు చాలావరకు సొంత కార్లు ఉండవు. మీ బుకింగ్‌ను స్థానిక సంస్థకు అప్పగిస్తాయి. తెలియని ఊళ్లో, తెలియని భాషలో బేరమాడవలసిన అవసరం లేకపోవడం వాటి లాభం. రాత్రివేళ బండి రాకపోతే మీరు ఫోను చేసేది ఒకరికి, బండి ఉన్నది మరొకరి దగ్గర కావడం వాటి నష్టం. హోటల్ డెస్క్ ద్వారా తీసుకునే కారుకు కిరాయి కాస్త ఎక్కువగానే ఉన్నా, బండి రాకపోతే నిలదీయడానికి ఎదుట ఒక మనిషి ఉంటాడు. తెల్లవారుజాము విమానాలకు నా ఓటు సొంత కార్లు, సొంత డ్రైవర్లు ఉండి, రాత్రిపూట కూడా ఫోను ఎత్తే స్థానిక సంస్థకే. ఫోను ఎత్తుతారో లేదో తెలుసుకోవడం కష్టమేమీ కాదు: బుక్ చేయడానికి ముందు, రాత్రి పదకొండు దాటాక ఒకసారి చేసి చూడండి.

ప్రయాణికులను కిరాయికి తీసుకువెళ్లే అనుమతి బండికి ఉందా అన్నది కూడా అడగవలసిన ప్రశ్నే. సొంత వాడకానికి నమోదైన కారును కిరాయికి తిప్పితే, ప్రమాదం జరిగినప్పుడు బీమా సంస్థ పరిహారం నిరాకరించే అవకాశం ఉంటుంది. అనుమతిలేని బళ్లను కొన్ని ఎయిర్‌పోర్టుల దగ్గర ఆపి తనిఖీ చేస్తారు. ఆ సమయం పోయేది మీదే.

కిరాయిలో ఏమేమి కలిసి ఉన్నాయి

ఇద్దరు చెప్పిన ధరలను పోల్చేముందు అవి ఒకే వస్తువుకు చెప్పిన ధరలేనా అని చూడాలి. ఒకరు టోల్, ఎయిర్‌పోర్టు ప్రవేశ రుసుము, పార్కింగు, పన్ను, రాత్రి అదనపు చార్జీ అన్నీ కలిపి చెప్పి ఉంటారు. మరొకరు కేవలం కిలోమీటర్ల లెక్క చెప్పి ఉంటారు. ప్రయాణికులను దింపినందుకే రుసుము వసూలు చేసే ఎయిర్‌పోర్టులు ఉన్నాయి. హీత్రూలో 2021 నవంబరు నుంచి ఆ పద్ధతి అమలులో ఉంది. నగరం బయట ఉండే ఎయిర్‌పోర్టు నుంచి బండి ఖాళీగా తిరిగి రావలసి ఉంటే, ఆ ఖర్చును కూడా కొందరు కిరాయిలో కలుపుతారు, అందులో అన్యాయమేమీ లేదు. దిగేటప్పుడు కొత్తగా చెప్పడమే అన్యాయం. "గుమ్మం నుంచి డిపార్చర్స్ తలుపు దాకా అన్నీ కలిపి ఎంత?" అని ఒకే ప్రశ్నగా అడిగి, జవాబును మెసేజ్‌లో తెప్పించుకోండి.

ఇంటి ముందు ఉచితంగా ఎంతసేపు ఆగుతారన్నది విడిగా తేల్చుకోవాలి. చాలామంది పావుగంట వరకు ఊరుకుంటారు, ఆ తరువాత వెయిటింగ్ చార్జీ మొదలవుతుంది. దారిలో మరొకరిని ఎక్కించుకోవాలంటే అది అదనపు స్టాపు, దానికి వేరే లెక్క.

రద్దు షరతులలో రెండు వైపులా చూడాలి. మీరు రద్దు చేసుకుంటే ఎంత తిరిగి ఇస్తారన్నది అందరూ అడుగుతారు. 24 గంటల ముందు వరకు పూర్తి డబ్బు వాపసు ఇవ్వడం చాలాచోట్ల ఉన్న పద్ధతి. వారు బండి పంపలేకపోతే ఏం చేస్తారని అడిగేవారు తక్కువ. వేరే బండి పంపుతారా, మీరు వేరే టాక్సీలో వెళితే తేడా సొమ్ము ఇస్తారా, లేక మీ అడ్వాన్సు మాత్రం తిరిగి ఇచ్చి చేతులు దులుపుకుంటారా అన్నది అడిగితే, ఆ జవాబు చెప్పే తీరులోనే ఆ సంస్థ ఎలాంటిదో కొంత తెలిసిపోతుంది.

అడ్వాన్సు చెల్లించేటప్పుడు కార్డు ద్వారా చెల్లిస్తే, సేవ అందకపోయినప్పుడు బ్యాంకులో ఫిర్యాదు చేసి సొమ్ము రాబట్టుకునే మార్గం ఉంటుంది. ఎవరో వ్యక్తి పేరున ఉన్న ఖాతాలోకి మొత్తం సొమ్మును ముందే పంపమంటే ఒప్పుకోవద్దు. ఇంటర్నెట్‌లో వెతికితే దొరికే "కస్టమర్ కేర్" నంబర్లలో నకిలీలు ఉంటాయి; సంస్థ సొంత యాప్‌లోనో, మీ కన్ఫర్మేషన్ మెసేజ్‌లోనో ఉన్న నంబరుకే చేయండి. బుకింగ్ ఖాయం చేయడానికి ఓటీపీ చెప్పమని, ఫోను తెరను చూపించే యాప్ వేసుకోమని అడిగేవారితో సంభాషణను అక్కడే ముగించాలి.

అన్నీ ఒకే మెసేజ్‌లో

ఫోనులో ఎంత వివరంగా మాట్లాడినా, చివరకు మీరే అన్నిటినీ ఒకచోట రాసి పంపి "సరే" అనిపించుకోండి. ఆ మెసేజ్ ఇలా ఉండవచ్చు:

"15వ తేదీ, శనివారం, 01:50కి బండి మా గేటు ముందు ఉండాలి. ముగ్గురు పెద్దవారు, ఒక బిడ్డ (రెండేళ్లు, 12 కిలోలు), పిల్లల సీటు మీరే తెస్తారు. మూడు పెద్ద పెట్టెలు, రెండు చేతి సంచులు; బండి ఏడు సీట్లది, మూడవ వరుస మడిచి ఉంచాలి. దింపవలసింది అంతర్జాతీయ డిపార్చర్స్, టెర్మినల్ 2. టోల్, పార్కింగు, రాత్రి చార్జీ అన్నీ కలిపి మీరు చెప్పిన కిరాయి. డ్రైవరు పేరు, ఫోను నంబరు, బండి నంబరు ముందురోజు రాత్రి ఎనిమిదిలోగా పంపగలరు."

దీనికి మ్యాప్‌లో మీ గేటు ఉన్న చోటును జతచేయండి. పెద్ద అపార్టుమెంట్లకు రెండు మూడు గేట్లు ఉండి, రాత్రివేళ ఒకటే తెరిచి ఉంటుంది. మ్యాప్ చూపించే చోటు మూసిన గేటు అయితే పది నిమిషాలు అక్కడే పోతాయి. కాపలా ఉన్న చోట బండి నంబరును ముందే కాపలాదారుకు చెప్పి ఉంచండి.

ముందురోజు, ఆ రాత్రి

డ్రైవరు వివరాలు చెప్పిన సమయానికి రాకపోతే, మరొక గంట చూద్దామనుకోకుండా వెంటనే ఫోను చేయండి. ఆ ఫోనుకు స్పష్టమైన జవాబు రాకపోతే ప్రత్యామ్నాయం వెతకడానికి ఇంకా సమయం ఉంటుంది. ప్రత్యామ్నాయాన్ని ముందే అనుకుని ఉంచడం మంచిది: రెండవ సంస్థ నంబరు, రాత్రి నడిచే రైలో బస్సో ఉంటే దాని వేళలు, అవసరమైతే దింపగలిగే స్నేహితుడు. బండి రావలసిన సమయానికి ఇరవై నిమిషాల ముందు డ్రైవరుకు ఫోను చేసి, అతడు ఎక్కడున్నాడో కనుక్కోండి. "దగ్గరలోనే ఉన్నాను" అన్న మాటతో సరిపెట్టుకోకుండా లైవ్ లొకేషన్ అడగండి. చెప్పిన సమయం దాటి పది నిమిషాలైనా బండి కనిపించకపోతే రెండవ మార్గానికి మారిపోవాలి. పైన దారి కోసం తీసి పెట్టిన 20 నిమిషాలను గుమ్మం దగ్గర ఎదురుచూపులో ఖర్చుపెట్టకూడదు.

విమానం ఆలస్యమని మెసేజ్ వచ్చినప్పుడు బండిని కూడా వెనక్కు జరపాలనిపిస్తుంది. తొందరపడవద్దు. ఆలస్యం తగ్గి విమానం ముందే బయలుదేరవచ్చు, పైగా చాలా సంస్థలు ఆలస్యమైన రోజున కూడా కౌంటరును మొదటి సమయం ప్రకారమే మూసివేస్తాయి. కౌంటరు సమయం కూడా మారిందని సంస్థే స్పష్టంగా చెప్పినప్పుడు మాత్రమే బండి సమయాన్ని మార్చి, ఆ మార్పును కూడా రాతలో ఖాయం చేసుకోండి.

బండి వచ్చాక ముందు నంబరు ప్లేటు చూడండి. తరువాత డ్రైవరును "మీరు ఎవరి కోసం వచ్చారు?" అని అడగండి, మీ పేరు అతడి నోటి నుంచి రావాలి. మీరే పేరు చెప్పి "మా కోసమేనా?" అంటే ఎవరైనా అవునంటారు. పెట్టెలు డిక్కీలోకి వెళ్లేటప్పుడు లెక్కపెట్టండి, పాస్‌పోర్టు, ఫోను, మందులు ఉన్న సంచిని మీ ఒడిలోనే ఉంచుకోండి. వెనుక సీటులో ఉన్నవారు కూడా బెల్టు పెట్టుకోవాలి. ప్రయాణ వివరాలను ఇంటి దగ్గర ఉన్న ఒకరితో పంచుకోండి. తెల్లవారుజామున మనిషికి నిద్ర బాగా ముంచుకొస్తుంది కాబట్టి, డ్రైవరు పదే పదే ఆవలిస్తున్నా, బండి గీత దాటుతున్నా మొహమాటపడకుండా ఆపమనండి. మొహం కడుక్కుని పదినిమిషాలు ఆగితే ఆ వ్యవధి మీ లెక్కలో ఉంది.

డిపార్చర్స్ ముందు బండిని ఎక్కువసేపు ఆపనివ్వరు. అందుకని చెల్లించవలసిన మిగతా సొమ్ము, రసీదు వంటివి ఎయిర్‌పోర్టుకు అయిదు నిమిషాల ముందే కారులో ఉండగా తేల్చుకోండి. దిగాక పెట్టెలను మళ్లీ లెక్కపెట్టి, సీటు కింద, తలుపు జేబులో, ఛార్జరు గుచ్చిన చోట ఒకసారి చేయి పెట్టి చూడండి. డ్రైవరు నంబరును విమానం గాలిలోకి లేచేవరకు ఫోనులో ఉంచండి: ఏదైనా మరిచిపోతే వెంటనే పిలవవచ్చు, విమానం రద్దయితే తిరుగు ప్రయాణానికి అదే బండి ఇంకా దగ్గరలో దొరకవచ్చు.